తాతారావు గారి అభ్యంతరం

ఆ ఆదివారానికి తాతారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లి కూరగాయలు కొనడం, వచ్చేటప్పుడు బొల్లారం వైపున్న పాత చర్చిని ఒకసారి చూసి రావడం, మధ్యాహ్నం భోజనానికి వదినగారూ తోడల్లుడూ వచ్చేలోపు పద్మారావు నగర్‌లో ఇంటికి చేరడం. బోయిన్‌పల్లి నుంచి ఇంటికొచ్చే దారిలో బొల్లారం తగలదు. తగలాలంటే ఇంటికి వీపు పెట్టి చాలా దూరం వెళ్లాలి. అందుకే ఆ రెండో అంశాన్ని ఆయన భార్య సీతారత్నంతో చెప్పలేదు.

"మిరపకాయలు విరిచి, వాసన చూసి మరీ తీసుకోండి. పోయినసారి మీరు తెచ్చినవి దోసకాయలకంటే చప్పగా ఉన్నాయి," అంటూ ఆవిడ సంచి చేతికిచ్చింది. భార్య చెప్పిన మాటల్లో తాతారావు శ్రద్ధగా వినేవి తక్కువ. ఆ రోజు ఈ ఒక్కటి విన్నాడు. తర్వాత జరిగిన గొడవంతటికీ ఆ శ్రద్ధే మూలం. ఇదంతా తాతారావు స్వయంగా, తన మీద ఏమాత్రం జాలి లేకుండా చెప్పుకునేదే కాబట్టి మనమూ జాలి చూపించనక్కర్లేదు.

ఆయనకు చర్చిల పిచ్చి బెల్జియంలో పట్టుకుంది. సీతారత్నం పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆవిడను గెంట్ అనే ఊరికి పంపింది. అప్పుడే ఇన్సూరెన్స్ ఉద్యోగం నుంచి రిటైరైన తాతారావు ఆవిడ సామానుతోపాటు తానూ ఒక సామానుగా వెళ్లాడు. ఒక చలికాలం, ఒక వసంతం అక్కడే గడిచాయి. పొద్దున ఆవిడ ఆఫీసుకు వెళ్లిపోతే ఆయనకు చేసే పని లేదు, మాట్లాడే మనిషి లేడు. బయట తిరిగితే ముక్కు గడ్డకట్టేది. ఆ ఊళ్లో వీధికో పాత చర్చి ఉండేది. ఎప్పుడు వెళ్లినా తలుపు తీసే ఉండేది, లోపల వీధికంటే వెచ్చగా ఉండేది. ఎక్కడ కూర్చున్నా, ఎప్పుడు లేచినా, ఎటు చూసినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. తాతారావు ముందు వరుసలో కూర్చుని, రంగు గాజుల కిటికీలు చూస్తూ, అప్పుడప్పుడూ కునుకు తీస్తూ చలికాలం గట్టెక్కించాడు. తిరిగొచ్చాక దీనికి ఆయన పెట్టిన పేరు కళాపరిశీలన.

తిరిగొచ్చిన దగ్గర్నుంచీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కినవాళ్లకు కమాను కట్టడాల గురించి వినక తప్పేది కాదు. అసోసియేషన్ సెక్రటరీ రాఘవేందర్ పాతబస్తీలో పుట్టి పెరిగినవాడు, ఎదుటి ఫ్లాట్‌లో ఉంటాడు కాబట్టి అందరికంటే ఎక్కువ విన్నాడు. ఒకరోజు మీటింగ్‌లో అందరి ముందూ అడిగేశాడు.

"అన్నా, మన సికింద్రాబాద్‌ల సుత మస్తు పాత చర్చిలున్నయి గద. గవి జెర మాకు చూపియ్యరాదు?"

"ఓ, దానికేం భాగ్యం! బొల్లారం చర్చి అయితే నాకు కొట్టిన పిండి," అన్నాడు తాతారావు.

ఈ ఆదివారం కాక పై ఆదివారం అందరూ కలిసి వెళ్లాలని అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది. సికింద్రాబాద్‌కొచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఆ చర్చిని తాతారావు బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు. అది కూడా బస్సులో ఆ పక్క సీటు దొరికినప్పుడే. కాబట్టి జనాన్ని తీసుకెళ్లేలోపు తానొక్కడూ వెళ్లి చూసి రావడం అత్యవసరమైంది.

మార్కెట్‌కి రాఘవేందర్ తన కారులో తీసుకెళ్లాడు. తాతారావు ఒక మిరపకాయ విరిచి వాసన చూశాడు. నమ్మకం కుదరక రెండోది విరిచి వేళ్ల మధ్య నలిపాడు. మూడో కొట్టు దగ్గర దొరికినవి నిజంగా ఘాటైనవి. సంతోషంగా సంచి నింపించుకుని, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, డిక్కీలో పెట్టించాడు.

"ఒక్క పది నిమిషాలు బొల్లారం వెళ్లొద్దామా?" అన్నాడు కారెక్కాక.

"గట్ల చెప్పు మరి! పరీక్షకు ముందుగాల పుస్తకం తెరుస్తున్నవన్నట్టు," అన్నాడు రాఘవేందర్. చర్చి గేటు ముందు కారాపి, "నువ్ చూసిరా అన్నా, నేను ఛాయ్ తాగొస్త," అని ఎదురుగా ఉన్న హోటల్‌కి నడిచాడు.

లోపల ఆరాధన జరుగుతోంది. జనం నిండుగా ఉన్నారు. గెంట్‌లో ఇంతమందిని ఒకేచోట తాతారావు రైల్వే స్టేషన్‌లో తప్ప చూడలేదు. అయినా అలవాటు అలవాటే. వేదిక వెనక గోడలో రంగు గాజుల పెద్ద కిటికీ, దాని మీద పొద్దుటి ఎండ. అది బాగా కనిపించే చోటు కోసం నడవా వెంట నింపాదిగా నడిచి, ఎడమవైపు మొదటి బెంచీలో కూర్చున్నాడు. ఆ వైపు బెంచీలన్నీ ఆడవాళ్లవని, మగవాళ్లు కుడివైపు కూర్చుంటారని ఆయన గమనించలేదు. పక్కనున్న రూతమ్మ అనే పండు ముసలావిడ వింతగా చూసి, కొంగు సర్దుకుని, కాస్త జరిగి చోటిచ్చింది.

కిటికీలో గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరి కనిపిస్తున్నాడు. తాతారావు తల వెనక్కి వాల్చి చూస్తున్నాడు. ఉక్కగా ఉంది. నుదుటి చెమట కంట్లోకి దిగితే చేత్తో తుడుచుకున్నాడు.

ముందు కుడి కన్ను మండింది. అది తగ్గుతుందని ఇంకా రుద్దాడు. అప్పుడు ఎడమది అందుకుంది. క్షణంలో రెండు కళ్లూ ధారలు కట్టాయి, ముక్కు కూడా సాయం పట్టింది. కిటికీ, కాపరి, గొర్రెపిల్ల ఒకే రంగు ముద్దయ్యాయి. రూతమ్మ మనసు కరిగిపోయింది.

"ఏడ్వు బిడ్డా, కడుపుల ఏం పెట్టుకోకు. ఆయన సూస్తుండు," అని గుసగుసగా చెప్పి చేతిరుమాలు ఇచ్చింది. తాతారావు అదే చేత్తో రుమాలు పట్టుకుని అదే కళ్లు మళ్లీ తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడు పాస్టర్ గారు ఒక కాగితం తీసి చదవసాగారు. "మన సంఘస్థులైన దేవసహాయము గారి కుమార్తె హదస్సాకును, జయపాల్‌కును జరగబోవు వివాహమును గూర్చి ఇది మూడవసారి ప్రకటించుట. వీరు వివాహబంధములో చేర్చబడకుండుటకు న్యాయమైన అడ్డంకి ఎవరికైనను తెలిసినయెడల ఇప్పుడే తెలియజేయవలెను."

ఇదేమీ తాతారావు చెవికెక్కలేదు. మంట భరించలేక నీళ్ల కోసం గబుక్కున లేచి నిలబడ్డాడు.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చదివే ఈ ప్రకటన అయ్యాక పాస్టర్ గారు ఒక్క క్షణం ఆగి కాగితం మడవడం రివాజు. ఆ క్షణంలో ఎవరూ లేవరు, లేవకూడదని అందరికీ తెలుసు. ఆయన సేవలో ఇన్నేళ్లలో ఒక్కరూ లేవలేదు. సగం మడిచిన కాగితం మళ్లీ విప్పి, ఎదురుగా కన్నీళ్లతో నిలబడ్డ పెద్దమనిషిని చూశారు.

"బ్రదర్, మీరేమైనా చెప్పాలా?"

ఎంత మర్యాదస్థులో, అడగకముందే గుర్తించారని తాతారావు పొంగిపోయాడు. "చెప్పాలండీ," అన్నాడు గద్గదంగా. "కానీ ఇక్కడ అందరి ముందూ బాగోదు. ఆడవాళ్లు కూడా ఉన్నారు. పక్కకి వస్తే చెప్తాను."

బాత్‌రూమ్ ఎక్కడని పదిమందిలో అడగలేని మర్యాద మనది మరి. వెనక బెంచీల్లో ఎవరో "ప్రభువా!" అన్నారు.

సంఘ పెద్దలు ఇద్దరు వచ్చి ఆయన్ని చెరో పక్కనా పట్టుకుని పక్క గదిలోకి నడిపించారు. వాళ్ల వెనకే రూతమ్మ వచ్చి, పెరటి కుళాయి చూపించింది. తాతారావు ముఖం ముంచి ముంచి కడుక్కున్నాడు. లోకం మళ్లీ కనిపించింది.

"ఇగ చెప్పు బిడ్డా. జయపాల్ ఏం జేసిండు?" అంది రూతమ్మ.

"జయపాల్ ఎవరండీ?"

"మాతోని దాస్తవేంది? దేవసహాయం మొదటి సంది ఈ సంబంధం వద్దనే అన్నడు. ఆయన రైల్వేల జేసి రిటైరయిండు, అల్లుడు సుత సర్కార్ నౌకరోడే కావాలన్నడు. గీ పిలగాడేమో పెండ్లిళ్లల్ల కీబోర్డు వాయిస్తడు. పిల్ల మూడేండ్లు ఏడ్చి, బతిలాడి, ఎట్లనో ఒప్పించుకుంది. ఏదన్న సాకు దొర్కితే ఆపేద్దామని ఆ మనిషి సూస్తనే ఉన్నడు. గిప్పుడు నువ్వొచ్చి లేచినవు."

తాను నిలబడింది దేనికి లెక్కో తాతారావుకు అప్పటికి అర్థమైంది. లోపలికి పరుగెత్తి చెప్పేద్దామనుకుంటే ప్రసంగం మొదలైంది. గది గుమ్మంలో పెద్దలిద్దరూ అడ్డంగా కుర్చీలు వేసుకున్నారు. "ఆరాధన అయినంక అయ్యగారొస్తరు, ఏమున్నా ఆయనకే చెప్పుండ్రి. మీరు కూసోండ్రి సార్, ఛాయ్ తాగుండ్రి," అన్నారు. ఆ ప్రసంగం ఆయన జీవితంలో విన్న ప్రసంగాలన్నిటిలో పొడవైనది.

ఈలోపు మాట బయటికి నడిచింది. ఎవరో తెలియని పెద్దాయన, ఏడుస్తూ వచ్చి, సిగ్గు విడిచి ఆడవాళ్ల మధ్య కూర్చుని, పెళ్లికి అడ్డం నిలబడ్డాడంటే కారణం ఏమై ఉంటుంది? జయపాల్ ఆయన కూతుర్ని మోసం చేసి ఉంటాడు. గేటు దాటేసరికి ఆ కూతురికి పెళ్లి కూడా అయిపోయింది, జయపాల్‌తోనే. ఛాయ్ హోటల్‌లో ఇది విన్న రాఘవేందర్ గ్లాసు పక్కన పెట్టి సీతారత్నానికి ఫోన్ చేశాడు.

"వదినా, పరేషాన్ కాకు. అన్న బొల్లారం చర్చిల ఎవరిదో పెండ్లి ఆపిండంట. పిలగాడు ఎవర్నో మోసం చేసిండంట. అన్న మస్తు ఏడుస్తుండంట."

కూరగాయల కోసం ఎదురు చూస్తున్న ఆవిడ మరో మాట అడగలేదు. అప్పుడే దిగిన అక్కాబావలకు కుక్కర్ అప్పగించి ఆటో ఎక్కింది.

ఆరాధన ముగిసింది. పాస్టర్ గారు గదిలోకి వచ్చారు. వెంట దేవసహాయం, ముఖం పాలిపోయిన జయపాల్, వాడి పక్కనే హదస్సా. ముందు మాట్లాడింది ఆ అమ్మాయే.

"అంకుల్, నాకు ఏదైనా పర్లేదు. నిజం చెప్పుండ్రి. మూడేండ్లు దీని కోసమే నిలబడ్డ. కూలిపోతే గూడ నిజంతోనే కూలిపోవాలె."

తాతారావుకు ఈసారి మిరపకాయ అవసరం లేకుండానే కళ్లు చెమర్చాయి. తన వల్ల ఒక పిల్ల పెళ్లి చెడిపోయేలా ఉందన్న భయంతో గబగబా చెప్పేశాడు. "అమ్మా, నాకు ఏ అభ్యంతరమూ లేదు. నేను చర్చి చూద్దామని వచ్చాను. మిరపకాయల చెయ్యి కంట్లో పెట్టుకున్నాను. ముఖం కడుక్కుందామని లేచాను. అంతే."

నిజం చెబుతున్నప్పుడు ఇంత అబద్ధంగా వినిపిస్తుందని ఆయనకు అంతవరకూ తెలియదు.

"ఏ ఊరు సార్ మీది?" అన్నాడు దేవసహాయం.

"పద్మారావు నగర్."

"ఎన్నేండ్ల సంది?"

"ముప్పై దాటాయి."

"ముప్పయ్యేండ్ల సంది ఈడనే ఉండి, సరిగ్గ మూడో ప్రకటన రోజే చర్చి సూడ బుద్దయిందా? బెంచీలల్ల మొదటి బెంచీ? ఏడ్చుకుంట?" దేవసహాయం కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతులో ఏదో ఆశ. "భయపడకుండ్రి సార్. మేమున్నం. తాగుతడా?"

"నాకు తెలియదండీ."

"పత్తాలు, పేకాట ఆడుతడా?"

"నాకసలు ఆ అబ్బాయెవరో తెలియదండీ."

"సూసిండ్రా అయ్యగారు? ఎంత బెదిరిచ్చిండో, పేరు సుత ఎత్తుతలేడు!"

జయపాల్ మెల్లగా ముందుకొచ్చాడు. "సార్, మీ ఇంట్ల ఏదన్న ఫంక్షన్‌కు ఒప్పుకొని నేను రాలేదా? ఏదన్న పాట తప్పు వాయించిన్నా? సారీ సార్." తాతారావుకు వాడి కాళ్ల మీద పడాలనిపించింది. మిరపకాయలే సాక్ష్యమని రాఘవేందర్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. సీతారత్నానికి విషయం చెప్పేశాక, ఆవిడ తిరిగి చేస్తుందని భయపడి ఆపేసుకున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని సీతారత్నం వచ్చింది. దారంతా ఆవిడకు మొగుడి మీద గౌరవం పెరుగుతూ వచ్చింది. ఎవరి పిల్లకో అన్యాయం జరుగుతుంటే ఎదురు నిలబడేంత మనిషని ఇన్నేళ్లూ అనుకోలేదు. నేరుగా జయపాల్ ముందు నిలబడింది.

"నువ్వేనా ఆ అబ్బాయివి? చూడ్డానికి ఇంత బుద్ధిమంతుడిలా ఉన్నావు, ఇవేం పనులు నాయనా? ఆడపిల్లల బతుకులంటే ఆటలా నీకు? ఇలాంటి మోసగాడికి పిల్లనెవరిస్తారు?"

"ఏమే, అది కాదు..." అన్నాడు తాతారావు.

"మీరుండండి. ఇన్నాళ్లకు ఒక మంచి పని చేశారు. దాన్ని చెడగొట్టుకోకండి." పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుణ్ని వెనకేసుకు రావడానికి ఆవిడకు దొరికిన రోజు అదే.

దేవసహాయం కుర్చీలోంచి లేచాడు. చూపు మారిపోయింది. "ఓ మేడం, జెర ఆగుండ్రి. మా పిలగాన్ని మోసగాడనెటందుకు మీరెవరు?"

"మరి మా ఆయన ఊరికే లేచి నిలబడతారా?"

"నిలబడ్డరు. ఏం జెప్పిండ్రు? ఎంత అడిగినా ఒక్క తప్పు చెప్పలే. ఎట్ల చెప్తరు? మూడేండ్ల సంది నేను ఎతుకుతున్న, నాకే దొర్కలే!" ఆయన గొంతు పెద్దదైంది. "నాకు ఆపరేషన్ అయితే దవాఖానల రాత్రులు నా మంచం కింద పండుకున్నడు. నేను మొకం గోడ దిక్కు తిప్పుకున్న. పొద్దుగాల ఛాయ్ తెచ్చి, గోడ దిక్కే వచ్చి నిలబడ్డడు. గీ పిలగాడు మోసం చేస్తడా? మా అల్లున్ని ఇంకొక మాటంటే మంచిగుండదు!"

మా అల్లుడు అన్న మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఆ సంగతి ఆయన కంటే ముందు కూతురు గ్రహించింది. "నాన్నా!" అని ఆయన భుజం మీద తల పెట్టి బావురుమంది. జయపాల్ ఏం చేయాలో తెలియక పాస్టర్ గారికి దండం పెట్టాడు.

ఆ ఏడుపుల మధ్యకు రాఘవేందర్, సీతారత్నం చేతికిద్దామని తెచ్చిన కూరగాయల సంచితో తొంగి చూశాడు. "వదినా, నేను సగమే చెప్పిన, మిగిలింది నువ్వే అనుకున్నవు," అని తలుపు దగ్గరే సంజాయిషీ మొదలుపెట్టాడు. తాతారావు ఎగిరి సంచి అందుకుని, ఒక పచ్చిమిరపకాయ తీసి, దేవతా విగ్రహాన్ని చూపించినంత భక్తిగా అందరికీ చూపించాడు.

"గిదా? దీనితోనే అంత ఏడ్పా?" దేవసహాయం దాన్ని తీసుకుని విరిచి నలిపాడు. తర్వాత ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. "అబ్బ! నిజమే సార్, మస్తు కారముంది," అన్నాడు. ఆయన కళ్లు మిరపకాయ తగలకముందే తడిగా ఉన్నాయి. అది అందరూ చూశారు. రూతమ్మ ఆయన్ని కూడా కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది.

సీతారత్నం మొగుడి వైపు తిరిగింది. ఆటోలో పెరిగిన గౌరవమంతా నిలబడ్డచోటే దిగిపోయింది. "ముఖం కడుక్కోవడానికి లేచారా?" అని మాత్రం అడిగింది.

"ఘాటైనవి తెమ్మన్నది నువ్వే కదా," అన్నాడాయన.

అంతటితో అయిపోయిందనుకుని తాతారావు చెప్పుల వైపు నడుస్తుంటే పాస్టర్ గారు ఆపారు. "సార్, అభ్యంతరం సంఘం ముందు వచ్చింది కాబట్టి సంఘం ముందే పోవాలి. వచ్చే ఆదివారం ప్రకటన మళ్లీ చదువుతాను. మీరు అదే చోట నిలబడి, అభ్యంతరం లేదని చెప్పాలి."

"ఇప్పుడే చెప్పేస్తానండీ!"

"విన్నవాళ్లు వెళ్లిపోయారు కదా సార్."

వచ్చే ఆదివారమంటే అపార్ట్‌మెంట్‌వాళ్లకు చర్చి చూపిస్తానన్న ఆదివారం. వాయిదా వేద్దామని తాతారావు చాలా కారణాలు చెప్పాడు. రాఘవేందర్ ఒప్పుకోలేదు. అంతవరకూ ఆరుగురే వస్తామన్నవాళ్లు ఈ కబురు తెలిశాక మొత్తం అపార్ట్‌మెంట్‌గా మారారు, వాచ్‌మన్‌తో సహా. ఆ ఆదివారం ప్రకటన చదివాక తాతారావు అందరి ముందూ లేచి నిలబడ్డాడు. ఈసారి చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాడు.

"నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ రోజూ లేదు. వీళ్లిద్దరూ చల్లగా ఉండాలి," అన్నాడు. కాస్త ఆగి, "ఆ రోజు నేను కూర్చోకూడని చోట కూర్చున్నాను, లేవకూడని వేళ లేచాను. పరాయి ఊళ్లో నన్నెవరూ పట్టించుకోలేదు కాబట్టి ఎక్కడా పట్టించుకోరనుకున్నాను. మీరు పట్టించుకున్నారు. అందుకు సంతోషం," అన్నాడు. చర్చి అంతా చప్పట్లు కొట్టింది. దేవసహాయం అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆరాధన అయ్యాక అపార్ట్‌మెంట్‌వాళ్లు కిటికీ చుట్టూ మూగి, దాని చరిత్ర చెప్పమన్నారు. తాతారావు గొంతు సవరించుకున్నాడు. "నాకేం తెలియదండీ. నేనూ ఇవాళే సరిగ్గా చూస్తున్నాను. కూర్చుని చూద్దాం రండి," అని కుడివైపు బెంచీ చూసుకుని కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. గెంట్‌లో చూసినవాటికి ఇది ఏమాత్రం తీసిపోదని ఆయనకు నిజంగానే అనిపించింది. లిఫ్ట్‌లో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పెళ్లికి దేవసహాయం స్వయంగా కార్డు పట్టుకొచ్చాడు. "మీరు రావాలె సార్. రాకుంటే మంది మళ్ల ఏదో అనుకుంటరు," అన్నాడు. వెళ్లక తప్పలేదు. జయపాల్ స్నేహితులు కీబోర్డు వాయిస్తుండగా హదస్సా తండ్రి చెయ్యి పట్టుకుని నడిచి వచ్చింది. సీతారత్నం ఆ రోజు రివాజు పక్కన పెట్టించి, రూతమ్మతో చెప్పి, వెనక బెంచీలో మొగుడి పక్కనే చోటు సంపాదించింది.

పాస్టర్ గారు పుస్తకం తెరిచి, ఈ వివాహానికి అడ్డంకి ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పవలెనని, లేనియెడల ఇక మీదట మాట్లాడకూడదని చదివారు. చదివి, ఆగారు. చర్చిలో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి తాతారావును చూశాయి. పెళ్లికొడుకు కూడా చూశాడు. తాతారావు ఊపిరి బిగపట్టి కదలకుండా కూర్చున్నాడు. సీతారత్నం ముందుజాగ్రత్తగా ఎప్పుడో ఆయన లాల్చీ అంచు మీద కూర్చుని ఉంది.